ఇన్‌స్ట్రక్టర్ సంతకం దేనికి, ఎంతవరకు?

అమెరికాలో పైలట్ ట్రైనింగ్‌కి వెళ్లిన పిల్లలు తొలిసారి ఒంటరిగా విమానం నడిపిన రోజు ఇంటికి ఒక ఫొటో పంపుతారు. అందులో చొక్కా వీపు భాగం కత్తిరించేసి ఉంటుంది. సోలో అయిన రోజు ఇన్‌స్ట్రక్టర్ స్టూడెంట్ చొక్కా కత్తిరించి దాని మీద పేరు, తేదీ రాయడం అక్కడి ఆనవాయితీ. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో అయితే నెత్తిన బకెట్ నీళ్లు కుమ్మరిస్తారు. ఆ ఫొటో సాయంత్రానికల్లా వాట్సాప్‌లో బంధువులందరికీ చేరిపోతుంది. అదే రోజు విమానం ఎక్కేముందు స్టూడెంట్ లాగ్‌బుక్‌లో (ఎగిరిన గంటలు, శిక్షణ రాసుకునే పుస్తకంలో) ఇన్‌స్ట్రక్టర్ రాసి సంతకం పెట్టిన నాలుగు లైన్లను మాత్రం ఎవరూ ఫొటో తియ్యరు. చాలాసార్లు ఆ స్టూడెంట్ కూడా వాటిని నింపాదిగా చదువుకోడు. ఆ లైన్లే లేకపోతే ఆ రోజు ఎగరడం చట్టవిరుద్ధం.

ఈ సంతకాన్ని రూల్‌బుక్ భాషలో ఎండార్స్‌మెంట్ అంటారు, మామూలు మాటల్లో సైన్‌ఆఫ్. "నీకు విమానం నడపడం వచ్చేసింది" అని ఇచ్చే మెచ్చుకోలు పత్రం ఇదేనని చాలామంది అనుకుంటారు. స్టూడెంట్ పైలట్ల చిక్కులు చాలావరకు ఈ అపోహ దగ్గరే మొదలవుతాయి. సైన్‌ఆఫ్ అంటే హద్దులు గీసి ఇచ్చే అనుమతి. ఏ విమానంలో, ఎన్నాళ్లపాటు, ఎక్కడిదాకా, ఎంత గాలిలో అన్నవన్నీ ఆ హద్దులే. ఒక్క హద్దు దాటినా కింద సంతకం ఉండి లాభం లేదు.

కార్డు ఉన్నంత మాత్రాన ఎగరలేరు

అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 16 ఏళ్లు నిండినవారికి స్టూడెంట్ పైలట్ సర్టిఫికెట్ ఇస్తుంది. చూడ్డానికి క్రెడిట్ కార్డు సైజు ప్లాస్టిక్ కార్డు. అదొక్కటే పట్టుకుని ఒంటరిగా రన్‌వే మీదికి వెళ్లడానికి వీల్లేదు. మన దగ్గర ఎల్ఎల్ఆర్ తీసుకుని కారు నేర్చుకునేవాడి పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. విమానం సోలోలో ఇది పూర్తిగా తిరగబడుతుంది: లోపల ఇంకెవరూ ఉండకూడదు, స్టూడెంట్ పైలట్ ప్రయాణికుల్ని ఎక్కించుకోకూడదు. పక్క సీట్లో మనిషి ఉండడు కాబట్టే లాగ్‌బుక్‌లో ఇన్‌స్ట్రక్టర్ సంతకం ఉండాలి. 2016 ఏప్రిల్ 1కి ముందు సోలో సంతకం సర్టిఫికెట్ మీద కూడా చేయాల్సి వచ్చేది. ఇప్పుడు లాగ్‌బుక్‌లో ఉంటే చాలు.

ఈ నియమాలన్నీ అమెరికా ఫెడరల్ నిబంధనల్లోని పార్ట్ 61లో ఉంటాయి. ఏ సంతకానికి ఏ మాటలు రాయాలో ఏసీ 61-65 అనే ఎఫ్ఏఏ సలహాపత్రంలో నమూనాలు ఇచ్చారు. అచ్చంగా అవే మాటలు వాడాలని నిర్బంధం లేదు గానీ, ఇన్‌స్ట్రక్టర్లు దాదాపు అందరూ వాటినే దించుకుంటారు. ఈ రోజుల్లో చాలామంది డిజిటల్ లాగ్‌బుక్‌లో రెడీగా ఉన్న వాక్యాన్ని నొక్కి సంతకం గీసేస్తారు. అందుకే చదవకుండా దాటేయడం ఇంకా తేలికైంది.

విదేశీ విద్యార్థులకు అన్నిటికన్నా ముందు ఇంకో గడప ఉంది. 2001 సెప్టెంబరు 11 దాడుల్లో విమానాలు నడిపిన హైజాకర్లలో కొందరు ఫ్లోరిడాలోని ఫ్లయింగ్ స్కూళ్లలోనే శిక్షణ పొందారు. ఆ తర్వాత నిబంధనలు మారాయి. అమెరికా పౌరులు కానివారు, అంటే మన పిల్లలు, ట్రైనింగ్ మొదలుపెట్టేముందే రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి తెచ్చుకోవాలి. అమెరికా పౌరుడైతే పాస్‌పోర్టు లాంటి రుజువు చూపిస్తే ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్‌లో ఒక వాక్యం రాసి సంతకం చేస్తే సరిపోతుంది. మనవాళ్లకు వేలిముద్రలు, ఫీజు, ఎదురుచూపు తప్పవు. కాలేజీ అడ్మిషన్ వచ్చింది కదా అని దీన్ని తేలిగ్గా తీసుకుంటే మొదటి నెలంతా హాస్టల్ గదిలోనే గడిచిపోతుంది.

సోలోకి ముందు మూడు మెట్లు

మొదటిది రాతపరీక్ష. ఇది ఎఫ్ఏఏ పెట్టేది కాదు, ఇన్‌స్ట్రక్టరే తయారుచేసి పెడతాడు. స్టూడెంట్‌కి వర్తించే నిబంధనలు, సోలో చేయబోయే ఎయిర్‌పోర్టు చుట్టూ ఉన్న గగనతల నియమాలు, నడపబోయే విమానం లక్షణాలు, దాని పరిమితులు ఇందులో రావాలి. ఇన్ని మార్కులొస్తే పాస్ అని రూల్‌లో ఎక్కడా లేదు. కానీ తప్పు రాసిన ప్రతి జవాబునూ ఇన్‌స్ట్రక్టర్ కూర్చోబెట్టి సరిదిద్దాకే సంతకం పెట్టాలి. నాకు బాగా నచ్చిన నియమాల్లో ఇదొకటి. 90 మార్కులు తెచ్చుకున్నవాడికి తెలియని ఆ పది మార్కుల్లోనే ఇంజన్ ఆగిపోతే ఏ స్పీడ్ పట్టుకోవాలన్న ప్రశ్న ఉండొచ్చు.

రెండోది గాల్లో నేర్చుకోవాల్సిన అంశాలు. ఒంటి ఇంజన్ విమానానికి రూల్ 15 అంశాలు చెబుతుంది. టాక్సీయింగ్ (నేల మీద విమానం నడపడం), క్రాస్‌విండ్‌తో (పక్క నుంచి వీచే గాలితో) సహా టేకాఫ్‌లు ల్యాండింగ్‌లు, స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేకపోయే స్థితి) నుంచి బయటపడటం, ఇంజన్ ఫెయిలైనట్టు అనుకుని దిగడం, ల్యాండింగ్ కుదరకపోతే మళ్లీ పైకి లేచే గో-అరౌండ్ లాంటివి వీటిలో ఉన్నాయి. ఇవన్నీ సోలో చేయబోయే విమానంలోనో, దాన్ని పోలిన విమానంలోనో నేర్పినట్టు లాగ్‌బుక్‌లో కనబడాలి.

మూడోది అసలు సోలో సంతకం. నమూనా వాక్యాన్ని తెలుగులో చెప్పుకుంటే దాదాపు ఇలా ఉంటుంది: "ఫలానా వ్యక్తి సోలోకి అవసరమైన శిక్షణ పొందారు. పార్ట్ 61లోని 61.87 సెక్షన్ నియమాలకు సరిపోతారని, ఫలానా కంపెనీ ఫలానా మోడల్ విమానంలో సోలోగా ఎగరగల నైపుణ్యం ఉందని నేను నిర్ధారించుకున్నాను." కింద తేదీ, సంతకం, ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ నంబరు. "నేను నిర్ధారించుకున్నాను" అన్న దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఇన్ని గంటలైతే సోలోకి పంపాలని పార్ట్ 61లో ఎక్కడా లేదు. 12 గంటలకు కావొచ్చు, 30 గంటలు దాటొచ్చు. ఆ నిర్ణయం మొత్తం ఒక మనిషి అంచనా మీద ఆధారపడి ఉంటుంది.

ఆ అంచనా వేసేటప్పుడు మంచి ఇన్‌స్ట్రక్టర్ నున్నటి ల్యాండింగ్ ఒక్కటీ చూసి తృప్తిపడడు. పాడైన ల్యాండింగ్‌ను స్టూడెంట్ తనంతట తానే గుర్తించి, ఎవరూ చెప్పకుండానే పవర్ ఇచ్చి పైకి లేస్తున్నాడా అని చూస్తాడు. రేడియోలో కంట్రోలర్ అనుకోని మాట చెబితే తడబడకుండా మళ్లీ అడుగుతున్నాడా అని చూస్తాడు. తను నోరు మెదపకుండా కూర్చుని ఎన్ని సర్క్యూట్లు (లేచి, ఎయిర్‌పోర్టు చుట్టూ తిరిగి దిగే చుట్లు) గడిచాయో లెక్కపెట్టుకుంటాడు. ఎందుకంటే తాను దిగిపోయాక విమానం కూడా వేరేలా ప్రవర్తిస్తుంది. శిక్షణకు వాడే రెండు సీట్ల చిన్న విమానం సెస్నా 152 గరిష్ఠ బరువు 757 కిలోలు. పక్కనున్న 80 కిలోల మనిషి దిగితే అందులో పదో వంతుకు పైగా బరువు తగ్గినట్టే. అలవాటైన దానికన్నా తొందరగా నేల వదిలేస్తుంది, చురుగ్గా పైకి పోతుంది, దిగేటప్పుడు రన్‌వే మీద ఇంకాస్త దూరం తేలుతుంది. ఈ తేడాకి కంగారుపడని స్థితికి స్టూడెంట్ వచ్చాడా లేదా అన్నది గంటల లెక్క చెప్పదు.

అందుకే "పక్కింటివాళ్ల అబ్బాయి 15 గంటలకే సోలో చేశాడట, నీదెందుకు ఇంకా అవ్వలేదు?" అని ఫోన్‌లో అడిగే అమ్మానాన్నలకు ఒక మాట చెప్పాలి. డాలర్లలో గంటగంటకీ కట్టే డబ్బు ఎంత భారమో ఎవరూ కాదనరు. కానీ ఈ టెన్షన్‌ని స్టూడెంట్ కాక్‌పిట్‌లోకి మోసుకెళితే, అక్కణ్నుంచి అది ఇన్‌స్ట్రక్టర్ మీదికి పోతే, సంతకం ఒక వారం ముందే పడిపోవచ్చు. ఆ వారంలో నేర్చుకోవాల్సింది గో-అరౌండే అయితే ఏమవుతుందో ఊహించుకోండి.

తొంభై రోజులు, ఒకే మోడల్, ఇంత గాలి

సోలో సంతకం 90 రోజులే పనిచేస్తుంది. మార్చి 1న సంతకం పడితే మే 30 దాకా. మే 31 ఉదయం ఎంత చక్కటి వాతావరణం ఉన్నా, అంతకుముందు ఎన్ని సోలోలు చేసినా, ఇన్‌స్ట్రక్టర్‌తో మళ్లీ ఎగిరి కొత్త సంతకం తీసుకోవాల్సిందే. సెమిస్టర్ సెలవులకు హైదరాబాదో విజయవాడో వచ్చి తిరిగి వెళ్లిన స్టూడెంట్ మొదట చూసుకోవాల్సింది ఈ తేదీనే.

సంతకం విమానం మోడల్‌కి కూడా కట్టుబడి ఉంటుంది. సెస్నా 152కి ఇచ్చిన సోలో సంతకంతో పైపర్ చెరొకీ తీసుకెళ్లకూడదు. స్కూల్లో మన విమానం మెయింటెనెన్స్‌కి పోయి, డిస్పాచ్ డెస్క్‌లో "వేరేది ఖాళీగా ఉంది, తీసుకెళ్తావా?" అని అడిగినప్పుడు ఈ మాట గుర్తుండాలి. డెస్క్‌లో కూర్చున్నవాళ్లకు మన లాగ్‌బుక్‌లో ఏముందో తెలియదు.

మూడో హద్దు ఇన్‌స్ట్రక్టర్ తన చేత్తో రాసేది. "మొత్తం గాలి 10 నాట్లు (గంటకు 10 నాటికల్ మైళ్లు), క్రాస్‌విండ్ 5 నాట్లు మించకూడదు, ప్యాటర్న్ (ఎయిర్‌పోర్టు చుట్టూ తిరిగే నిర్ణీత దారి) దాటి వెళ్లకూడదు" అని రాశాడనుకుందాం. సెస్నా 152లో 12 నాట్ల క్రాస్‌విండ్ దాకా దిగి చూపించామని తయారీదారే మాన్యువల్‌లో రాశాడు. స్టూడెంట్ పైలట్ పగలు ఎగరడానికి రూల్ అడిగే కనీస విజిబిలిటీ 3 మైళ్లు. అయినా ఇన్‌స్ట్రక్టర్ రాసిన అంకె వీటికన్నా బిగువుగా ఉంటే ఆ స్టూడెంట్‌కి అదే చట్టం. లాగ్‌బుక్‌లో ఇన్‌స్ట్రక్టర్ పెట్టిన పరిమితులకు విరుద్ధంగా ఎగరకూడదని పార్ట్ 61 సూటిగా చెబుతుంది. 7 నాట్ల క్రాస్‌విండ్‌లో చక్కగా దిగి వచ్చినా అది ఉల్లంఘనే. దానికి జవాబుదారీ కూడా స్టూడెంటే, ఎందుకంటే సోలోలో విమానానికి బాధ్యుడైన పైలట్, అంటే పైలట్-ఇన్-కమాండ్, తనే.

నా మటుకు నాకు ఏ పరిమితీ రాయని సోలో సంతకం కన్నా అంకెలు రాసి ఉన్న సంతకమే మంచిదనిపిస్తుంది. ఖాళీగా వదిలేస్తే ఆ ఉదయం ఎగరాలా వద్దా అన్న నిర్ణయం అంతా అనుభవం లేని మనిషి మీదే పడుతుంది. ఇన్‌స్ట్రక్టర్ ఏమీ రాయకపోతే "సార్, నా గాలి లిమిట్ ఎంత?" అని అడిగి రాయించుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

డెంటన్ నుంచి వేకోకి

బయల్దేరిన చోటి నుంచి 25 నాటికల్ మైళ్లు దాటి ఒంటరిగా వెళ్లాలంటే పాత సోలో సంతకం చాలదు. క్రాస్‌కంట్రీ (దూరప్రయాణ) శిక్షణ పూర్తయిందని ఒక సంతకం, ఆపైన సాధారణంగా వెళ్లే ప్రతి ప్రయాణానికీ విడిగా ఇంకో సంతకం కావాలి. ఈ రెండోది ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. టెక్సస్‌నే తీసుకుందాం, తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న డాలస్ చుట్టుపక్కల ప్రాంతం కాబట్టి.

డాలస్‌కి వాయవ్యంగా డెంటన్ ఎయిర్‌పోర్టు ఉంది. అక్కణ్నుంచి దక్షిణాన వేకో సుమారు 95 నాటికల్ మైళ్లు. స్టూడెంట్ మ్యాప్ మీద స్కేలు పెట్టి సూటిగా గీత గీస్తాడు. ఇన్‌స్ట్రక్టర్ ఆ గీత మీద వేలు పెట్టి "ఇక్కడ ఏముంది?" అంటాడు. ఆ గీత డాలస్-ఫోర్ట్‌వర్త్ క్లాస్ బి గగనతలం మధ్యలోంచి పోతోంది. దేశంలో పెద్ద విమానాల రద్దీ ఎక్కువగా ఉండే చోట్లలో ఇదొకటి. స్టూడెంట్ పైలట్ ఒంటరిగా క్లాస్ బిలోకి వెళ్లాలంటే ఆ ప్రత్యేక గగనతలం కోసమే శిక్షణ పొంది ఇంకో సంతకం తీసుకోవాలి, దానికీ 90 రోజుల గడువే. ఇక డాలస్-ఫోర్ట్‌వర్త్ మెయిన్ ఎయిర్‌పోర్టులోనైతే స్టూడెంట్ సోలోలకు అసలు అనుమతే లేదు. కాబట్టి స్టూడెంట్ ఆ గీత చెరిపేసి పడమరగా చుట్టు తిరిగే దారి వేసుకుంటాడు. దారి మారితే దూరం మారుతుంది, దూరంతో పాటు పెట్రోలు లెక్క మారుతుంది, ఎక్కడెక్కడ దిగడానికి వీలుందో మళ్లీ చూసుకోవాలి.

తర్వాత వాతావరణం. వేకోలో మధ్యాహ్నం గాలి ఎటు తిరుగుతుందట? మబ్బు ఎంత ఎత్తులో ఉంటుందట? అక్కడికి చేరేసరికి అది కిందికి దిగితే ఎక్కడ ఆగుతావు? వీటికి జవాబులు వచ్చాక ఇన్‌స్ట్రక్టర్ రాసే వాక్యంలో బయల్దేరే ఊరు, చేరే ఊరు, వెళ్లే దారి, దిగే ఎయిర్‌పోర్టులు, విమానం మోడల్, తేదీ అన్నీ ఉంటాయి. ఆ రోజు పరిస్థితుల్లో ఈ ప్లాను సరిపోతుందని తేల్చుకున్నాకే సంతకం పెట్టాలని ఇన్‌స్ట్రక్టర్‌కీ రూల్ ఉంది. తేదీ రాయడం ఉత్తుత్తి లాంఛనం కాదు. పొద్దున్నే పొగమంచు పట్టి ప్రయాణం మర్నాటికి వాయిదా పడితే నిన్నటి సంతకం చెల్లదు, మర్నాటి వాతావరణం చూసి మళ్లీ రాయించుకోవాలి. వేకోకి బదులు దార్లో ఇంకో ఊళ్లో దిగి స్నేహితుణ్ని కలుద్దామన్నా కుదరదు. వాతావరణం పాడైతే దగ్గర్లో దిగడం వేరు, అది ఎప్పుడైనా చెయ్యాల్సిన పనే. ఈ ప్రయాణాల్లో లాగ్‌బుక్ కూడా విమానంలో ఉండాలి. గదిలో మరిచిపోయి వెళ్లినా తప్పే.

ఎగ్జామినర్ బల్ల ముందు

ప్రైవేట్ పైలట్ రాతపరీక్షలో 60 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్. కూర్చోవడానికి ముందు ఒక సైన్‌ఆఫ్ కావాలి. పాసైనా కథ అక్కడితో అయిపోదు. ఏ అంశాల్లో తప్పులు పోయాయో రిపోర్టులో కోడ్‌లుగా వస్తాయి. చెక్‌రైడ్‌కి (ఎగ్జామినర్ ముందు ఎగిరి చూపించే చివరి పరీక్షకి) వెళ్లేలోపు ఆ అంశాలన్నీ ఇన్‌స్ట్రక్టర్‌తో చదువుకుని, అవి ఇప్పుడు వచ్చని ఆయనతో సంతకం పెట్టించుకోవాలి. రాతపరీక్ష ఫలితం 24 నెలలు చెల్లుతుంది.

చెక్‌రైడ్ సంతకాల్లో ఎక్కువగా దెబ్బకొట్టేది నెలల లెక్క. పరీక్షకు సిద్ధంచేసే కనీసం 3 గంటల డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎగిరే) ట్రైనింగ్, పరీక్ష జరిగే నెలకు ముందున్న రెండు క్యాలెండర్ నెలల లోపలే జరిగి ఉండాలి. జూన్ 20న పరీక్ష అయితే ఏప్రిల్ 1 తర్వాత చేసిన గంటలే లెక్కకు వస్తాయి. ఎగ్జామినర్ డేట్ దొరకడానికి వారాలు పడుతుంది, ఈలోగా వర్షాలు, విమానం రిపేర్లు. జూన్‌లో అనుకున్న పరీక్ష జూలైకి జరిగితే ఏప్రిల్ గంటలు లెక్కలోంచి ఎగిరిపోతాయి. ఎగ్జామినర్ ఓరల్ మొదలుపెట్టేముందు చేసే మొదటి పని లాగ్‌బుక్, అప్లికేషన్ తిరగేయడం. ఒక్క సంతకం లేకపోయినా, సోలో క్రాస్‌కంట్రీ గంటలు కొంచెం తగ్గినా పరీక్ష మొదలే కాదు. ఎంత బాగా నడపగలిగినా ఆ రోజుకి ఇంటికి పోవాల్సిందే. రాత్రంతా మేల్కొని చదివి వచ్చి, ఒక తేదీ లేదని వెనక్కి వెళ్లడం ఎంత బాధో వేరే చెప్పక్కర్లేదు. అందుకే చెక్‌రైడ్‌కి వారం ముందు స్టూడెంట్, ఇన్‌స్ట్రక్టర్ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని 61.109లోని గంటల లిస్టుతో లాగ్‌బుక్‌ని ఒక్కో లైనూ సరిచూసుకోవడం చాలా అవసరం.

పరీక్ష తప్పితే? ఎక్కడ తప్పిందో ఆ అంశంలో మళ్లీ ట్రైనింగ్ తీసుకుని, మళ్లీ సిద్ధంగా ఉన్నాడని ఇన్‌స్ట్రక్టర్ సంతకం పెట్టాకే రెండోసారి వెళ్లాలి. ఇది శిక్ష అనుకుని కుంగిపోయేవాళ్లున్నారు. ఎయిర్‌లైన్‌లో చేరేటప్పుడు ఎన్నిసార్లు తప్పావని అడుగుతారన్నది నిజమే. అయినా రాని పనిని వచ్చినట్టు చూపించి పాసైపోవడం కన్నా ఇదే మేలు.

సంతకం పెట్టే చెయ్యి

ఇన్‌స్ట్రక్టర్ వైపు నుంచి చూస్తే ప్రతి సైన్‌ఆఫ్ ఆయన సర్టిఫికెట్‌ని పణంగా పెట్టడమే. సోలోలకు, పరీక్షలకు ఇచ్చిన సంతకాల రికార్డు కనీసం 3 ఏళ్లు దాచాలి. తన శిష్యుల్లో 80 శాతం మంది మొదటిసారే చెక్‌రైడ్ పాసైతే, రెండేళ్లలో కనీసం ఐదుగురిని పంపి ఉంటే, ఆ లెక్కతోనే తన అర్హతను కొనసాగించుకోవచ్చు. అబద్ధపు ఎంట్రీ రాసినట్టు తేలితే ఉన్న సర్టిఫికెట్లన్నీ పోయే ప్రమాదం ఉంది.

ఇక్కడ వ్యవస్థలోనే ఒక ఇబ్బంది ఉంది. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్‌గన్ 3407 విమానం కూలి 50 మంది చనిపోయాక, ఎయిర్‌లైన్ కో-పైలట్‌కి కూడా సాధారణంగా 1,500 గంటలు ఉండాలన్న నియమం 2013లో వచ్చింది. నిజానికి ఆ విమానంలోని ఇద్దరు పైలట్లకూ అంతకన్నా ఎక్కువ గంటలే ఉన్నాయి. కమర్షియల్ లైసెన్స్ 250 గంటలకు వస్తుంది. మిగతా గంటలు సంపాదించడానికి ఎక్కువమంది ఎంచుకునే దారి ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం. అంటే మన పిల్లవాడి సోలో నిర్ణయించే మనిషి చాలాసార్లు తనే 300, 400 గంటల అనుభవమున్న 23 ఏళ్ల కుర్రాడు. అతనికి శ్రద్ధ లేదని కాదు, ఎంతో నిష్ఠగా నేర్పేవాళ్లు వాళ్లలో చాలామంది ఉన్నారు. కానీ 1,500 దాటగానే వెళ్లిపోతాడు. అందుకే మంచి స్కూళ్లలో సోలోకి ముందు సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక స్టేజ్ చెక్ (ఇంకొకరు ఎగిరి చూసే లోపలి పరీక్ష) పెడతారు. స్కూలు ఎంచుకునేటప్పుడు విమానాల రంగు, సిమ్యులేటర్ ఫొటోలు చూసేకన్నా ఈ చెక్ ఉందా లేదా అని అడగడం మంచిది.

ఇన్‌స్ట్రక్టర్ మధ్యలో మారితే పాత సోలో సంతకం గడువు తీరేదాకా కాగితం మీద చెల్లుతుంది. కానీ గడువయ్యాక కొత్తాయన లాగ్‌బుక్ చూసి ఊరికే తిరిగి సంతకం పెట్టకూడదు. ఆ మోడల్‌లో తను స్వయంగా ట్రైనింగ్ ఇచ్చాకే పెట్టాలి. "పాతాయన పెట్టారు కదా, మీరెందుకు మళ్లీ ఐదు గంటలు ఎగరమంటున్నారు?" అని స్టూడెంట్లు చిరాకుపడతారు. నిన్నటిదాకా ముఖం కూడా తెలియని మనిషి ఒంటరి ప్రయాణానికి హామీ ఉండమంటున్నామన్న సంగతి అప్పుడు ఆలోచించాలి. డబ్బు దండుకోవడానికేనన్న అనుమానం వస్తే "నాలో ఏం సరిదిద్దాలి?" అని సూటిగా అడగండి. సరైన ఇన్‌స్ట్రక్టర్ దగ్గర దానికి స్పష్టమైన జవాబుంటుంది: ఫ్లేర్ (నేల తాకేముందు విమానం ముక్కు పైకెత్తడం) ఎత్తు, రేడియో, రడ్డర్, ఏదో ఒకటి పేరుపెట్టి చెబుతాడు. చెప్పలేకపోతే స్కూల్లో చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌ని కలవాల్సిన సమయం వచ్చిందన్నమాట.

తిరిగి వచ్చి భారత్‌లో ఉద్యోగం చూసుకోవాలనుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటలు అడుగుతుంది. అమెరికాలో ఎగిరిన గంటలకు సాక్ష్యం మీ లాగ్‌బుక్కే. ప్రతి డ్యూయల్ పాఠం పక్కనా ఏం నేర్పారో, ఎంతసేపో, ఇన్‌స్ట్రక్టర్ సంతకం, సర్టిఫికెట్ నంబరు అర్థమయ్యేలా ఉండాలి. ఆ సంతకాన్ని ఏ రోజుది ఆ రోజే, విమానం కట్టేసి లోపలికి రాగానే తీసుకోండి. మూడు నెలల తర్వాత అడుగుదామనుకుంటే అప్పటికి ఆయన ఇంకో రాష్ట్రంలో ఏ ఎయిర్‌లైన్ ట్రైనింగ్‌లోనో ఉంటాడు.